బకాయి వయసు

మలయా యుద్ధంలో శత్రువులకి పట్టుబడ్డ ముద్దాడ గవరయ్య అనే సిపాయి ఇప్పటికీ ఇరవై నాలుగేళ్ళ వయసులోనే, ఆరోగ్యంగా, విశాఖపట్నం రేవు వెనకాల ఉన్న అపరిష్కృత యుద్ధబందీల విభాగంలో నిలవ ఉన్నాడనీ, పనిదినాల్లో ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చనీ ఆయన కూతురు తవిటమ్మకి కబురొచ్చింది. కబురొచ్చేనాటికి తవిటమ్మకి ఎనభై దాటాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. బందీగా ఉన్నంతకాలం మనిషికి వయసు వేయకూడదు. వయసు వేయాలంటే విడుదల ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వు ఇవ్వాలంటే ఇంటివాళ్ళు వచ్చి అడగాలి. గవరయ్య ఇంటివాళ్ళు అడగలేదా అంటే, అడిగారు. ఆయన భార్య బంగారమ్మ బతికినన్నాళ్ళూ ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంది. కాకపోతే ఆవిడ ప్రతిసారీ, "మా ఇంటాయన బతికున్నాడా, సచ్చిపోనాడా బాబూ?" అని అడిగేది. ఆ విభాగంలో ఉన్నవాళ్ళు బతికున్నవాళ్ళ కిందకీ రారు, పోయినవాళ్ళ కిందకీ రారు. అందుకని ప్రతిసారీ, ఆ సంగతి మాకు తెలీదమ్మా అని ఉన్నమాటే చెప్పి పంపించారు.

తవిటమ్మ జనపనార మిల్లులో పనిచేసి మానేసిన మనిషి. ఓ రోజు పొరుగింటి పరదేశమ్మని తోడు తీసుకుని కంటి ఆసుపత్రికి వెళ్ళి, కళ్ళలో మందు పోయించుకుని తిరిగొస్తూ, ఎండకి తాళలేక ఆ ఆఫీసు చూరు కింద ఆగింది. ఎదురుగా కిటికీ. కిటికీలో మనిషి. చూపు మసగ్గా ఉండి అది ఏ ఆఫీసో కూడా తెలీక, అలవాటు కొద్దీ తల్లి అడిగేమాటే అడుగుదామనుకుని, తడబడి, "మా అయ్య మీకాడున్నాడా?" అంది.

అలా ఎవరూ అడగలేదట. కిటికీలో మనిషి పేరూ ఊరూ కనుక్కుని, "చూసి చెప్తాం మామ్మా," అన్నాడు. అంతే.

గవరయ్య ఊరొదిలేనాటికి బంగారమ్మ కడుపుతో ఉంది. అంతకుముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఆ ఏడు వానల్లేవు. సైన్యంలో వంటవాళ్ళని తీసుకుంటున్నారని విని గవరయ్య విజయనగరం వెళ్ళి పేరిచ్చాడు. మలయా వెళ్ళే ఓడ ఎక్కాడు. తర్వాత కబురు లేదు. యుద్ధం అయిపోయాక ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొందరు తిరిగొచ్చారు. వాళ్ళలో ఒకడు, గవరయ్య అడివిలో పడి చచ్చిపోయాడన్నాడు. ఇంకొకడు, రంగం పట్నంలో బర్మా ఆడదాన్ని కట్టుకుని పిల్లల్ని కూడా కన్నాడన్నాడు. రెండోది వినడానికి బావుంది కాబట్టి ఊరు దాన్నే ఖాయం చేసుకుంది.

కొన్నేళ్ళు చూసి పెద్దలు బంగారమ్మని గాజులు తీసెయ్యమన్నారు. "సెవం సూపించండి, తీసేత్తాను," అంది బంగారమ్మ. ఎవరూ చూపించలేకపోయారు. ఆవిడ తొంభై ఒకటో ఏట పోయేదాకా రోజూ రూపాయంత బొట్టు పెట్టుకుంది. దాంతో ఆవిణ్ణి పేరంటానికి పిలవాలా, మానాలా అని ప్రతి ఇంట్లోనూ తర్జనభర్జన అయ్యేది. చివరికి ఊరంతా ఒక పద్ధతికొచ్చారు. పేరంటానికి పిలిచేవారు కాదు. వాయనం మాత్రం ఇంటికి పంపేవారు.

కబురందిన మర్నాడే తవిటమ్మ, పరదేశమ్మ బస్సెక్కారు.

సూపరింటెండెంటు సుభాషిణి గారు మర్యాదస్తురాలు. ఇద్దర్నీ ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. తవిటమ్మ ముఖంలోని అనుమానం చూసి, "తండ్రి కూతురి కన్నా పెద్దవాడై ఉండాలని మా నిబంధనల్లో ఎక్కడా లేదు మామ్మగారూ. అది చెప్పక్కర్లేదనుకుని రాయలేదు. కాబట్టి అభ్యంతరం రాదు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన్ని చూసి గట్టిగా ఏడవకండి. పక్క మంచాలవాళ్ళకి ఎవరూ రాలేదు," అంది.

అది ఒకప్పుడు సరుకు దింపిన రేకుల షెడ్డు. పొడుగ్గా, శుభ్రంగా ఉంది. మంచాల మీద కుర్రాళ్ళు కూర్చుని చింతపిక్కలతో పులీ మేకా ఆడుకుంటున్నారు. ఎవరు లోపలికొచ్చినా అందరూ ఒక్కసారి తలెత్తి, తమ మనిషి కాదని తెలిశాక మళ్ళీ ఆటలో పడతారు. ఒకడు మాత్రం తల దించలేదు. లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నువ్వెందుకొచ్చినావే ఇంత దూరం? మోకాళ్ళ నొప్పులు కదా నీకు?"

తవిటమ్మది నాయనమ్మ పోలిక అని చిన్నప్పట్నించీ అందరూ అనేవారు. ఎంత పోలికో ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

"నాను మీ అమ్మని కాను," అంది. "బంగారమ్మ కూతుర్ని."

కుర్రాడు ఆవిడ ముఖాన్ని చాలాసేపు చూశాడు. "కూతురా పుట్టింది?"

"ఆఁ."

"బతికిందా?"

"నీ ఎదర నిలబడ్డాను కదా."

"అవును," అన్నాడు గవరయ్య సిగ్గుపడి. "పేరేటెట్టినారు?"

"తవిటమ్మ."

పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినదాన్ని పొరుగువాళ్ళ చేతిలో పెట్టి, చేటెడు తవుడు పోసి కొనుక్కుంటారు. కొనుక్కున్న పిల్లని దేవుడు తీసుకుపోడు. ఈ సంగతి గవరయ్యకి ఎవరూ చెప్పనక్కర్లేదు. "మంచి పని సేసినారు," అన్నాడు.

మంచం పక్కన స్టూలు మీద ఇంకొక కుర్రాడు వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చిన్న కళ్ళు, గుండ్రటి ముఖం, చేతిలో కర్ర. ఇతని పేరు సబురో. గవరయ్యని పట్టుకున్న జపాను సిపాయి ఇతనే. యుద్ధం ముగిశాక రెండు ప్రభుత్వాలూ లెక్కలు తేల్చుకున్నప్పుడు బందీలని కాపలాతో సహా అప్పగించారు. బందీ విడుదలయితే గానీ కాపలావాడికి సెలవు లేదు. అతని తుపాకీ మడమకి చెదలు పట్టడంతో దాన్ని రద్దు చేసి బదులుగా కర్ర ఇచ్చారు. తెలుగు మొత్తం గవరయ్య దగ్గరే నేర్చుకున్నాడు.

"కూకోయే అప్పా," అని అక్కని పిలిచినట్టు పిలిచి సబురో స్టూలు ఆవిడకిచ్చి తను నిలబడ్డాడు.

"మీ అమ్మ రానేదా?" అన్నాడు గవరయ్య.

తవిటమ్మ ఈ ప్రశ్న కోసం బస్సులో దారి పొడుగునా తయారవుతూనే వచ్చింది. "అమ్మ పోయింది," అంది.

గవరయ్య మంచం మీద కూర్చున్నాడు. "పురిట్లోనా?"

"కాదు. ముసిలిదై పోయింది. ఆఖర్న పళ్ళన్నీ ఊడిపోనాయి. జావే తాగేది."

"బంగారమ్మకి పళ్ళూడిపోనాయా?" అన్నాడు గవరయ్య. నమ్మలేదు. ఆయనకి తెలిసిన బంగారమ్మ చెరుకుగడని పంటితోనే చీల్చేది. సబురో వైపు తిరిగి, ఈ సంగతి అతనికి కూడా తెలియాలన్నట్టు, "ముసిలిదైందటరా," అన్నాడు. సబురో తల వంచాడు. ఆ షెడ్డులో బంగారమ్మ గురించి అతనికి తెలిసినంత ఎవరికీ తెలీదు.

"నువ్వు రంగంలో ఇంకోదాన్ని కట్టుకున్నావని ఊరంతా అన్నారు," అంది తవిటమ్మ.

"నాకు ఈడు తప్ప ఎవులూ నేరు."

"మరెలగ పట్టుబడిపోనావు? తతిమ్మావోళ్ళంతా తప్పించుకున్నారు కదా."

గవరయ్య చెప్పాడు. రబ్బరు తోట అంచున మకాం. తన దళానికంతటికీ పెద్ద డేగిసాలో అన్నం ఎక్కించాడు. ఉన్నట్టుండి ఈల వేశారు. దొర ఇంగ్లీషులో ఏదో అరిచాడు. అందరూ లారీలెక్కారు. అప్పటికి బియ్యం సగం ఉడికింది. దించేస్తే పలుకు, వదిలేస్తే మాడు. రెండు రోజుల్నించి ఎవరూ సరిగ్గా తినలేదు. అన్నం తినకుండా ఎంత దూరం పోతారు, తిరిగొస్తారులే అని గంటె పట్టుకుని పొయ్యి దగ్గరే ఉండిపోయాడు. అన్నం ఉడికేసరికి చెట్లలోంచి తుపాకీ పట్టుకుని సబురో వచ్చాడు. గవరయ్య గంటెతో సహా చేతులెత్తాడు. సబురో డేగిసాలోకి చూశాడు. అతను కూడా తిని రెండు రోజులైంది. ఇద్దరూ కూర్చుని తిన్నారు. అంతటితో పట్టుబడడం పూర్తయింది.

"ఉప్పు సాల్నేదు," అన్నాడు సబురో.

"ఆ రోజు ఉప్పు నేదని అప్పుడే సెప్పినాను కదరా."

తవిటమ్మ స్టూలు మీంచి లేచింది.

సుభాషిణి గారు వాళ్ళని తన గదిలోకి పిలిచి, టీ తెప్పించి, విడుదల సంగతి వివరించింది. విడుదలయితే ఇన్నేళ్ళ బకాయి వయసు వేయాల్సి ఉంటుంది. ఒకేసారి తీసుకోవచ్చు. సంతకం పడగానే మొత్తం పడుతుంది. "అలా తీసుకున్నవాళ్ళెవరూ గుమ్మం దాటలేదు. మీ మంచికే చెబుతున్నాను." రెండోది వాయిదాల పద్ధతి. రోజుకో ఏడాది చొప్పున వేస్తారు. ఇల్లు చూసుకోవడానికి కొన్నాళ్ళుంటుంది. మూడోది, ఇక్కడే ఉండిపోవడం. తిండికీ బట్టకీ లోటు లేదు. దీపావళికి మిఠాయి కూడా ఇస్తారు.

"ఇక్కడే ఉండిపో," అంది తవిటమ్మ. "వారవారం వొచ్చి సూసి ఎల్తాను."

"నువ్వెన్నాళ్ళొస్తావే?" అన్నాడు గవరయ్య.

పరదేశమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గవరయ్య కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. నల్లగా, గట్టిగా, ముడతల్లేకుండా ఉన్నాయి. "మీ అమ్మ పళ్ళూడి జావ తాగి పోయింది," అన్నాడు. "రేపొద్దున్న ఎక్కడైనా అగుపిస్తే, ఇలగ కుర్రమొగమేసుకుని ఎదర నిలబడనేను. నాకు ఆ రోజుకొకటి ఏసీమను."

సబురోకి తన దేశం నుంచి సెలవు ఉత్తర్వు రాలేదు. అక్కడ ఆ ఉత్తర్వులిచ్చే శాఖని ఎప్పుడో చేపల శాఖలో కలిపేశారట. అందుకని అతను కూడా బందీ వెంటే వచ్చాడు.

మిల్లు వాళ్ళు కట్టించిన వరస ఇళ్ళలో తవిటమ్మది చివరిది. ఆ వీధిలో ఎవరికీ ఇదేమంత వింతగా తోచలేదు. పొద్దున్నే పాలావిడ, "ఇయ్యాల ఎంత?" అని అడిగేది. గవరయ్య ఆ రోజు వయసు చెప్పేవాడు. వీధివాళ్ళకి ఇబ్బందంతా వరసలతోనే వచ్చింది. మొదట తమ్ముడూ అని పిలిచినవాళ్ళు, వారం తిరిగేసరికి అన్నా అన్నారు. ఆ తర్వాత బావని చేశారు. ఇంకొన్నాళ్ళకి మావయ్యని చేశారు.

ముప్పైల్లో ఉన్న రోజుల్లో గవరయ్య ఇంటి పెంకులు సర్దాడు. దొడ్లో మురుగు నిలవకుండా కాలవ తవ్వాడు. మిల్లు గేటు దాకా నడిచి, మూతపడ్డ మిల్లు వైపు చూసి, "ఇక్కడేనా నువ్వు పన్జేసింది?" అని అడిగాడు. నలభైల్లో కాస్త పొట్ట వచ్చింది. దగ్గరచూపు తగ్గి బియ్యంలో రాళ్ళు కనబడ్డం మానేశాయి. సబురో పక్కన కూర్చుని ఏరిపెట్టేవాడు. యాభై దాటాక జుట్టు రాలడం మొదలైంది. ఒక వయసులో నాన్నలు ఎలా ఉంటారో తవిటమ్మకి ఇతరుల ఇళ్ళలో చూడ్డమే గానీ తెలీదు. ఆవిడ పొద్దున్నే లేచి ఈరోజు ఆయన ఎలా ఉన్నాడో చూసుకునేది. ఇది తను పుష్పవతి అయిననాటి అయ్య, ఇది తను మిల్లులో చేరిననాటి అయ్య అని మనసులో అనుకునేది. పైకి ఆయన్ని ఏమీ పిలిచేది కాదు. "ఇదిగో" అనేది. ముప్పై ఏళ్ళవాణ్ణి అయ్యా అనడానికి నోరు రాలేదు.

ఓ మధ్యాహ్నం ఆవిడ అన్నం వడ్డించింది. గవరయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంకో పొంగు రానివ్వాల్సింది," అన్నాడు.

తవిటమ్మ చేతిలో గరిటె కింద పడేసింది.

"నీ అన్నం మండిపోనూ! అన్నం కోసరం ఉండిపోనావా నువ్వు? ఆ డేగిసా అలగొదిలేసి లారీ ఎక్కుంటే మా అమ్మ నలుగుర్తో పాటు పేరంటానికెల్లేది. మొగుడొదిలేసిందాని కూతురని నన్నెవులూ అనకపోదురు. ఎవుడో ఒకడు నన్ను మనువాడును. నా సేతులు సూడు, నార పీకి పీకి! లారీ ఎక్కమంటే ఎక్కడానికేటి నీకు?"

గవరయ్య ముద్ద మింగలేదు, ఉమ్మలేదు. ముద్ద బుగ్గన పెట్టుకునే, "ఆకలితో ఎల్లినోళ్ళు తిరిగొస్తారనుకున్నాను గుంటా," అన్నాడు. "నాకు అన్నం తెలుసు. యుద్ధం తెల్దు."

ఆవిడ లేచి దొడ్లోకెళ్ళిపోయింది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. రెండేళ్ళు పోయాయి.

మూడోనాడు పరదేశమ్మ గోడ మీంచి పిలిచింది. "ఒలే తవిటమ్మా, అలకలకి నీకైతే రోజులే కర్సవుతున్నాయి. ఆయనకి ఏళ్ళు. సూసుకో మరి."

తవిటమ్మ లోపలికొచ్చేసరికి గవరయ్య గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మెడ వెనక చర్మం వదులై కాలరు మీద పడుతోంది. మొన్న అలా లేదు. ఆవిడ ఆయన పక్కన కూలబడింది. "నాను సూస్తుండగానే నలిగిపోతున్నావు," అంది.

"నువ్వు నేను సూడకుండా నలిగిపోనావు," అన్నాడు గవరయ్య. "మీ అమ్మకి నేనేటి సెయ్యగలను ఇప్పుడు? సెప్పు."

అలా బంగారమ్మ పేరంటం జరిగింది. మొగుడు బతికుండగా పోయిన ఆడది ముత్తైదువే. ఆ విషయం ఇప్పుడు ప్రభుత్వమే ఒప్పుకుంది. పేరంటానికి పిలవడం ఆడవాళ్ళ పని. కానీ గవరయ్య తనే పిలుస్తానన్నాడు. పాత ఊరు వెళ్ళి, ఇంటింటి గుమ్మం ముందూ నిలబడి, "మా బంగారమ్మ పేరంటం, తప్పకుండా రండమ్మా," అన్నాడు. వెనకాల సబురో కుంకం బరిణె పట్టుకుని, గవరయ్య చెప్పినవారికల్లా బొట్టు పెట్టాడు. బంగారమ్మ ఎప్పుడో కూతురి వెంట మిల్లు ఇంటికి వచ్చేసింది కాబట్టి, ఆ ఇళ్ళలో ఇప్పుడున్నవాళ్ళకి ఆవిడెవరో తెలీదు. పెద్దాయన గుమ్మంలోకొచ్చి పిలిచాడు కదా అని వచ్చారు. వీధి నిండిపోయింది. వచ్చిన ఒక్కొక్కరి ఒళ్ళోనూ తవిటమ్మ శనగలూ, రవికల గుడ్డా, తమలపాకులూ పెట్టింది. ఎవరికీ వాయనం ఇంటికి పంపలేదు. రానివాళ్ళకి లేదు.

వచ్చినవాళ్ళలో ఒకావిడ ఎంగిలిచేత్తోనే గవరయ్యని అడిగింది, "మీ ఆవిడ పోయి ఎన్నాళ్ళయింది తాతా?"

"మొన్ననే తెలిసిందమ్మా," అన్నాడు ఆయన.

ఆ తర్వాతి రోజులు నెమ్మదిగా గడిచాయి. గవరయ్యకి కర్ర కావాల్సొచ్చింది. సబురో తన కర్ర ఇచ్చేశాడు. ఒట్టి చేతులతో కాపలా కాయడం నిబంధనలకి విరుద్ధం కాబట్టి ఒక చేత్తో గవరయ్య మోచెయ్యి పట్టుకుని ఉండేవాడు. సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద కూర్చుని బంగారమ్మ గురించి మాట్లాడుకునేవారు. గవరయ్య ఏదైనా మరిచిపోతే సబురో అందించేవాడు. ఆమె ఏ రంగు చీరతో రేవులో చెయ్యూపిందో చివరికి సబురోకే గుర్తుంది.

ఒక పొద్దున్న పాలావిడ ఎప్పట్లాగే, "ఇయ్యాల ఎంత?" అంది. గవరయ్య చెప్పాడు. తవిటమ్మ గిన్నె పట్టుకుని నిలబడి వింది. నిన్న ఇద్దరిదీ ఒకటే వయసు. ఇవాళ ఆయన పెద్దవాడు.

గవరయ్యకి కూడా తెలిసింది. నీరెండలో ముక్కాలి పీట వేయించుకుని కూర్చుని, తన ముందు నేల మీద అరచెయ్యి కొట్టి, "ఇలగ కూకో," అన్నాడు. తవిటమ్మ నేల మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన ఆవిడ ముడి విప్పి, నడినెత్తిన ఆముదం పోసి, రుద్దడం మొదలెట్టాడు. జుట్టు ఎంతో లేదు. ఉన్నంత మేరా పాయలు తీసి, ఆడపిల్లకి దువ్వినట్టు దువ్వాడు. ఇన్నేళ్ళలో తల్లి తప్ప ఆవిడ తల ఎవరూ అంటలేదు.

తవిటమ్మ పుట్టింది మొదలు లోకంలో అందర్నీ అయ్యా అంది. మిల్లు మేస్త్రీని అయ్యా అంది. రేషను దుకాణంవాణ్ణి, డాక్టరుని, బస్సు కండక్టరుని, కిటికీల వెనకాల కూర్చున్న ప్రతి మనిషినీ అయ్యా అంది. చీత్కరించుకున్నవాళ్ళని కూడా అంది.

"అయ్యా," అంది వెనక్కి తిరక్కుండా.

"ఏటి గుంటా?"

"ఏటీ నేదు."

గవరయ్య దువ్వుతూనే ఉన్నాడు.

బంగారమ్మ పోయిన వయసుకి ఇంకా రెండేళ్ళు తక్కువుండగా ఆయన పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అరుగు మీదే ఒరిగిపోయాడు. ఆఖరి రోజుల్లో, "మీ అమ్మని అందుకోనేకపోతానేమో," అని దిగులు పడేవాడు. ఆ మాటే అయింది. తవిటమ్మే కొరివి పెట్టింది. కుండ బరువుకి ఆవిడ తూలితే సబురో వెనకనుంచి పట్టుకున్నాడు. మిగిలిన బకాయి వయసుని ప్రభుత్వం దయతో రద్దు చేసింది.

దినం అయ్యాక సుభాషిణి గారు పరామర్శకి వచ్చింది. అరుగు మీద కూర్చుని, గవరయ్య మంచివాడని చెప్పి, అసలు విషయానికొచ్చింది. బందీ లేకుండా కాపలావాడు ఉండకూడదు. ఉంటే ఖాళీ మంచం పక్కన కూర్చోబెట్టాలి. అలా కూర్చున్నవాళ్ళు అక్కడ కొందరున్నారు. మంచిది కాదు. సబురో గుమ్మం పక్కన నిలబడి ఇదంతా వింటూ, నేల వైపు చూస్తున్నాడు.

"ఒక దారుంది మామ్మగారూ," అంది సుభాషిణి గారు. "కారుణ్య నియామకం. పోయినవారి మీద ఆధారపడ్డ సంతానానికి ఆ స్థానం ఇవ్వొచ్చు. మీకిష్టమైతేనే."

"నన్ను బందీ సేస్తారా?"

"ఇల్లు కదలక్కర్లేదు. ఇక్కడే ఉంటారు. మీకు వయసు పడదు. ఆ మోకాళ్ళ నొప్పి ఇప్పుడెంతుందో అంతే ఉంటుంది. పెరగదు, తగ్గదు. మీరు తిన్నారో లేదో ఇతను చూసుకోవాలి. ఎక్కడికైనా వెళ్తే వెంట ఉండాలి. జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఇతని బాధ్యత. పొద్దునా సాయంత్రం పేరు పిలిచి, ఉన్నారో లేదో చూసుకోవాలి."

"నన్నా?" అంది తవిటమ్మ. "రోజూనా?"

"రోజూ."

"నానేటి సేసినానని?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. పట్టుబడితే చాలు."

తవిటమ్మ అరుగు మీంచి వీధి చివరిదాకా చూసింది. వరస ఇళ్ళలో సగం తలుపులు మూసే ఉన్నాయి. తర్వాత గుమ్మంలో సబురో వైపు చూసింది. అతని చొక్కా భుజం దగ్గర చిరిగింది. ఎవరో ఒకరు కుట్టాలి.

"పట్టుకోమను," అంది.

సబురో ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. "సేతులెత్తే అప్పా."

"ఎందాకా?"

"ఎగిసినంత సాలు."

భుజాలు నొప్పి కాబట్టి తవిటమ్మ చెవులదాకా ఎత్తింది. సుభాషిణి గారు సరిపోతుందని చెప్పి, సంతకం చేసి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. సాయంత్రం తవిటమ్మ చొక్కా కుట్టింది. సబురో ఆవిడ తిన్నదాకా ఎదురుగా కూర్చుని, పళ్ళెంలో ఏమీ మిగల్లేదని చూసుకుని లేచాడు.

మర్నాడు పొద్దున్న అతను దొడ్లో నిలబడి, వెన్ను నిటారుగా పెట్టి, "ముద్దాడ తవిటమ్మా!" అని గట్టిగా పిలిచాడు.

"ఉన్నాన్రా," అంది ఆవిడ లోపల్నించి.

గోడ అవతల పళ్ళు తోముకుంటున్న పరదేశమ్మ పుక్కిలించి ఉమ్మి, "పరదేశమ్మ కూడా ఉంది బాబూ," అంది.

ఆ పేరుతో సబురోకి సంబంధం లేదు. ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత గోడ దాకా వెళ్ళి, అవతలికి తొంగి చూసి, ఆవిడ ఉందని రూఢి చేసుకుని వచ్చాడు. వారం తిరిగేసరికి ఎదురు వరసలోంచి కూడా, ఎవరూ పిలవకుండానే, ముసలి గొంతులు ఒకదాని తర్వాత ఒకటి పలుకుతున్నాయి. సబురో తొందరపడకుండా ఒక్కొక్క గుమ్మం దగ్గరికీ వెళ్ళి చూసి వస్తున్నాడు.